కాటా దారిలో తీతువు పిట్ట

మైకులో ఎవరో ‘ఉఫ్’ అని ఊదిన చప్పుడు రాగానే టిప్పరు క్యాబిన్‌లో కూర్చున్న బాబాయి చెవులు రిక్కించి ముందుకి వంగాడు. ముసలి గుమాస్తా ఊదడు, గోకుతాడు, గోటితో మైకుని గీకితేగానీ ఆయనకి గొంతు పెగలదు, కాబట్టి ఇప్పుడు కాటా గదిలో మైకు ముందు కూర్చున్నది పిల్లే, అన్న కూతురే, తన దొరసానే. మధ్యాహ్నం టీ వచ్చేదాకా నువ్వు పిలువమ్మా, చూద్దాం, అన్నాడు మేనేజరు, చూద్దాం అన్నాడంటే నిజంగానే చూస్తాడన్నమాట, వెనకాల చేతులు కట్టుకుని నిలబడి చూస్తాడు, ఆ మనిషి చూస్తే నిక్షేపంలాంటి ఇంజనే దగ్గుతుంది, ఇక పిల్లెంత. కాటా అంటే ఏముంది, నేలలో పరిచిన పెద్ద ఇనుప పలక, కంకర లారీ దాని మీద ఎక్కి నిలబడితే పక్కగదిలో బరువు తెలుస్తుంది, అంతే. కానీ రాళ్లు పగలగొట్టే మిషను హోరులో, కళ్లలో పడే పొడిలో, ఆ పలక ఎక్కడానికో పద్ధతుంది. అటో వరస ఇటో వరస లారీలు ఆగి ఉంటాయి, ముందున్నవాడినే పిలవాలని లేదు, ఏ సరుకు చీటీ ముందొస్తే ఆ బండి, గదిలోంచి నంబరు పిలుస్తారు, ముందు సగం, తర్వాత సగం, పిలిపించుకున్నవాడు రెండుసార్లు హారన్ కొట్టి అప్పుడు కదలాలి. పిలవకుండా ఎవడైనా తొందరపడ్డాడా, రెండు బండ్లు పలక దగ్గర మూతులు రాసుకుని నిలబడతాయి, వెనక్కి తీయడానికి చోటుండదు, ఆ పూట పనంతా మట్టికొట్టుకుపోతుంది. అలా ఒక్కసారి జరిగితే వేరే మనిషిని చూసుకుంటాం, అని మేనేజరు పొద్దున అందరి ముందూ చెప్పాడు, మెత్తగా చెప్పాడు, గట్టిగా చెప్పినా ఇంత భయమేసేది కాదు.

అద్దం తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. పిల్లకి మాట ఆగుతుంది. నత్తి అంటే అందరూ అనుకునే నత్తి కాదు, ఒకే అక్షరాన్ని గిలక్కొట్టదు, ప దగ్గరో క దగ్గరో, ఒక్కోసారి ఇంకో అక్షరం దగ్గరో ఠక్కున ఆగిపోతుంది, పెదాలు మూసుకుని మెడలో నరం లేచి నిలబడుతుంది, మాట తలుపు వెనకాల ఉందని తెలుస్తూనే ఉంటుంది కానీ గడియ రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. అలాంటి పిల్లకి బట్టల దుకాణం వెనకగదిలో మడతలు పెట్టే పని దొరికింది, రోజంతా నోరు తెరవక్కర్లేదు, హాయిగా చేసుకోవే అంటే వద్దంది, ఇక్కడికే వస్తానంది, మైకు ఉన్న చోటికి, అందరూ వినే చోటికి. అన్న సరేనని తలూపి రాత్రి షిఫ్టుకి పోయాడు. వదిన మాత్రం తన వంక చూసి, నువ్వేదో నూరిపోసుంటావు మరిదీ, అంది. తను ఏం నూరిపోయలేదు, ఆ మాట పైకి అన్నా ఆవిడ నమ్మదు, తన మాట ఎవరు నమ్ముతారు గనక, ఈ యార్డులో తనకున్న పేరే పంక్చర్. ఆగి ఉన్న లారీ పక్కన నక్కి కూర్చుని పళ్ల సందులోంచి స్‌స్‌స్‌ అని గాలి వదులుతాడు, టైరులోంచి గాలి పోతున్నట్టే ఉంటుంది, పైనున్న డ్రైవరు గుండె జారిపోయి ఒక్క దూకు దూకి దిగుతాడు, చుట్టూ తిరిగి ఒక్కో టైరునీ తన్ని చూస్తాడు, ఆఖర్న బండి కింద నవ్వుతున్న ముఖం కనబడుతుంది. తిట్లు తిన్నాడు, చెప్పు దెబ్బలు కూడా తప్పించుకున్నాడు, మానలేదు. మానడం తన చేతిలో లేదు, నలుగురు ఒకచోట ఉంటే నోరు దానంతటదే ఏదో ఒకటి చేస్తుంది.

పొద్దున స్కూటరు మీద వస్తుంటే పిల్ల వెనకనుంచి వీపుకి చెప్పింది. ముఖం కనబడకపోతే దానికి మాట కొంచెం తేలిక.

‘‘బాబాయ్, ఇవాళ నువ్వు ప... పడొద్దు.’’

‘‘నేనెందుకు పడతానే, స్కూటరు నడపడం రాదా నాకు.’’

‘‘నీకు తెలుసు ఏం పడటమో. ఈల వెయ్యొద్దు, గాలి తియ్యొద్దు, గుమ్మం దగ్గరికి రావొద్దు. హారన్ రెండంటే రెండే.’’

‘‘మరి తుమ్మొస్తే.’’

నవ్వలేదు. చాలాదూరం పోయాక అంది, గాలికి సగం ఎగిరిపోయింది, మిగిలిన సగం మాత్రం పొద్దుట్నుంచీ చెవిలోనే ఉంది. ‘‘నువ్వు పడినప్పుడల్లా అందరూ నిన్ను చూస్తారు బాబాయ్. నేను చెప్పబోయిన మాట ఏంటని మళ్లీ ఎవరూ అ... అడగరు.’’

‘‘యాభై రెండు, తొమ్మిది’’ అంది మైకు. వచ్చింది, తడబడకుండా వచ్చింది, వెనకెక్కడో రెండు హారన్లు మోగాయి, ఎర్ర టిప్పరొకటి ముక్కుతూ మూలుగుతూ పలక ఎక్కింది. బాబాయి నీళ్ల సీసా ఎత్తి చూస్తే అది ఖాళీ. పక్క వరసలో ముందున్న బండి మీసాలాయనది, ఆయన కిటికీలోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు, బాగానే పిలుస్తోంది మీ పిల్ల, అన్నట్టు. బాగానే అంటే ఏంటి, బాగానే. తన బండికీ మీసాలాయన బండికీ నంబరులో ముందు సగం ఒకటే, ఒకే రోజు ఒకే షాపులో కొన్న బండ్లు, తనది ముప్పై ఆరు నలభై, ఆయనది ముప్పై ఆరు పదకొండు, కవల పిల్లల్లా పుట్టి ఇది ఇటు అది అటు పోయాయి, ఆయన తన బండిని కడుగుతాడు, తను కడగడు, అంతే తేడా.

రెండు వరసలూ పలక దగ్గర కలిసేచోట మధ్యలో మూడు మూలల ముక్కొకటి మిగిలిపోయింది, రాతిపొడీ సన్న కంకరా పరచుకున్న నేల, ఏ బండీ తొక్కని చోటు. తొక్కకపోవడానికి కారణం తనే. ఎండలు ముదురుతున్నప్పుడు ఓ పొద్దున లారీ దిగి సిగరెట్టు వెలిగించుకోబోతుంటే కాళ్ల దగ్గర తీతువు పిట్ట ఒక్కసారి లేచి నెత్తిమీద గింగిరాలు కొట్టింది, పొడుగాటి పసుప్పచ్చ కాళ్లు, కంటిముందు ఎర్రటి తోలుముక్క, కళ్లజోడు పెట్టుకున్న టీచరమ్మ కోపమొచ్చి వీధిలో పడినట్టు ఒకటే అరుపు. ఎందుకే తల్లీ ఇంత రభస అని కిందికి చూస్తే ఏమీ లేదు, కంకర. మళ్లీ చూస్తే కంకర. ఎంతోసేపు చూస్తే ఆ కంకరలో నాలుగు రాళ్లు రాళ్లు కాదు. సన్న కొనలు లోపలికి పెట్టుకుని, నాలుగూ తలలు దగ్గరికి చేర్చి ఏదో రహస్యం మాట్లాడుకుంటున్నట్టున్నాయి. గూడు లేదు, పుల్ల లేదు, ఆకు లేదు, ఇంత పెద్ద లారీలు తిరిగే చోట నేలమీద గుడ్లు పెట్టుకున్న పిట్ట ధైర్యానికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అప్పుడు ఇనుప చువ్వొకటి పాతి ఎర్రగుడ్డ కట్టి, డ్రైవర్లందరినీ పిలిచి, కింద పెద్ద కరెంటు తీగ పోతోందర్రా, టైరు పడిందంటే స్టీరింగు పట్టుకున్నవాడు బొగ్గైపోతాడు, నిన్న ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను, అన్నాడు. తను ఇంతవరకూ చెప్పిన అబద్ధాల్లో అంత బాగా పండింది ఇంకోటి లేదు. అసలు సంగతి పిల్లకి ఒక్కదానికే చెప్పాడు. మేనేజరు కూడా నమ్మి పుర్రె బొమ్మ వేయించి బోర్డు పెట్టించాడు, కరెంటు మనిషి రెండుసార్లొచ్చి తీగ ఎక్కడుందో వెతికి, దొరక్క, చాలా లోతుగా ఉన్నట్టుందండీ అని చెప్పి వెళ్లాడు.

ఆ నాలుగు రాళ్లూ నిన్నటి నుంచి నడుస్తున్నాయి. పొద్దున చూశాడు, బొటనవేలంత పిల్లలు, కంకర రంగు ఒళ్లు, మెడ చుట్టూ నల్లదారం కట్టినట్టు గీత, ఒంటికి మించిన కాళ్లు. పిచ్చుకపిల్లల్లా నోళ్లు తెరుచుకుని కూర్చోవు ఇవి, గుడ్డులోంచి బయటపడి ఒళ్లు ఆరగానే లేచి నడుస్తాయి, వాటి పురుగు అవే ఏరుకుంటాయి, నోట్లో ఎవరూ పెట్టరు, అమ్మానాన్నలు చేసేదల్లా అరవడం, అడ్డం పడటం. ఏది అమ్మో ఏది నాన్నో ఇన్నాళ్లు చూసినా తనకి తెలియదు, రెండూ ఒకలాగే ఉంటాయి, రెండూ ఒకలాగే అరుస్తాయి. మండుటెండలో పైపు కారేచోట పొట్ట తడుపుకొచ్చి ఆ తడిపొట్టతో గుడ్ల మీద కూర్చునేవి, ఒకటి లేస్తే ఒకటి, డ్యూటీ మారినట్టు. తమ ఇంట్లో కూడా అలాగే కదా, అన్న రాత్రి షిఫ్టు, వదిన పగటి షిఫ్టు, మధ్యలో పిల్ల తన దగ్గర. పెళ్లెందుకు చేసుకోలేదురా అంటే, తీరికేదీ, అంటాడు తను, అందరూ నవ్వుతారు, నవ్వాక ఇంక అడగరు.

‘‘పద్దెనిమిది...’’ అని ఆగింది మైకు. గురగురమని ఖాళీ హోరు. బాబాయి చేయి డోరు మీదికి పోయింది. ‘‘...ఇరవై’’ అంది. వెనక వరసలో హారన్లు. చేయి తిరిగొచ్చింది. తిరిగొచ్చిన చేయి స్టీరింగు మీద దరువు వేయడం మొదలుపెట్టింది, ఆపాడు, కాలు వేయడం మొదలుపెట్టింది. ఇదేం బాధరా నాయనా, ఇంతకంటే తనే మైకు ముందు కూర్చుంటే పోయేది. అసలు దాని చిన్నప్పుడు స్కూల్లో కూడా ఇంతే, పిల్లలందరిచేతా వరసగా పద్యాలు చెప్పిస్తున్నారు, ఇది స్టేజీ మీదికొచ్చి చేతులు కట్టుకుంది, మొదటి అక్షరమే ప, ఆగిపోయింది, హాలంతా చూస్తోంది, టీచరు పెదాలతో అందిస్తోంది, దాని మెడలో నరం లేచింది, అప్పుడు మూడో వరసలో కూర్చున్న తను కుర్చీతో సహా వెనక్కి పడిపోయాడు. చూసుకుని పడటం కాదు, వెల్లకిలా, కాళ్లు గాల్లో, దబ్బుమని. హాలంతా ఘొల్లుమంది, హెడ్మాస్టరు కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, ఆ నవ్వులో చప్పట్లు కలిసిపోయి, టీచరు తర్వాతి పిల్లని పిలిచేసింది, దొరసాని మెట్లు దిగొచ్చేసింది. పద్యం చెప్పలేదని ఎవరికీ తట్టనే లేదు. ఎంత సంబరపడ్డాడు ఆ రోజు, నడుం నొప్పితో కుంటుకుంటూ ఐసు కొనిచ్చాడు, తిన్నంతసేపూ పిల్ల మాట్లాడలేదు, చల్లగా ఉంది కదా అనుకున్నాడు తను. ఇంటికొచ్చాక వదిన తలవాపు చూసి, నువ్వు పుట్టినప్పుడు నర్సు కింద పడేసుంటుంది మరిదీ, అప్పట్నుంచీ నీకు పడటమే పని, అంది. అందరూ నవ్వారు. తర్వాత నీళ్లకని లేచి పోతుంటే లోపలి గదిలోంచి చిన్న గొంతు, తలుపు సందులోంచి చూశాడు, పిల్ల గోడవైపు తిరిగి చేతులు కట్టుకుని పద్యం చెబుతోంది, ఆగుతోంది, మళ్లీ మొదలెడుతోంది, ఆగుతోంది, చివరిదాకా చెప్పి గోడకి నమస్కారం పెట్టింది. ఆ సంగతి ఎందుకో ఎవరికీ చెప్పలేదు తను. నవ్వొచ్చే సంగతి కాదు గనకేమో.

కుక్కొచ్చింది. యార్డు వెనక క్యాంటీను దగ్గర పడుకునే నల్లకుక్క, దానికి కరెంటు తీగ కథ ఎవరూ చెప్పలేదు కాబట్టి బోర్డు కింద నుంచే దూరి నేల వాసన చూసుకుంటూ వస్తోంది. కంకర మీద పిల్లలు లేవు, అంటే ఉన్నాయి, ఎక్కడివక్కడ అతుక్కుపోయాయి. ఒక పిట్ట పైకి లేచి అరుపు అందుకుంది, రెండోది లేవలేదు, కుక్కకి ఎదురుగా కొంచెం పక్కగా నేలమీద కూలబడింది, ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, మూలుగుతూ, ఒక పక్కకి ఒరిగిపోతూ పొర్లుతోంది. ఎంత బాగా చేస్తోందంటే తెలిసున్న తనకే అయ్యో అనిపించింది. కుక్క తల తిప్పింది, నోరూరింది, దూకింది, పిట్ట రవ్వంత జరిగింది, మళ్లీ కూలింది, కుక్క మళ్లీ దూకింది, అలా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ రాళ్లగుట్ట అవతలదాకా తీసుకుపోయి, అక్కడ ఒక్కసారి రెక్కలు రెండూ శుభ్రంగా విప్పి గాల్లోకి లేచింది, కుక్క ముఖం చూడాలి అప్పుడు. బాబాయి తొడ చరుచుకున్నాడు. నా తల్లే, నువ్వూ మా కులపుదానివేనే, కుర్చీ ఒక్కటే తక్కువ నీకు. కొట్టు దగ్గర పిల్ల సరుకు పేరు చెప్పలేక నిలబడితే తను డబ్బాల దొంతర మీద తూలి పడ్డాడు, బస్సులో దిగే ఊరు పేరు ఆగిపోతే కండక్టరు టోపీ మీద తుమ్మాడు, డాక్టరు పేరడిగితే తను మూర్ఛొచ్చినట్టు కళ్లు తేలేశాడు, నర్సు పిల్లని వదిలేసి తనకి సూది పొడిచేసింది. ఎన్ని రెక్కలు విరగ్గొట్టుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు. కుక్కంటే తినేదే. కొట్టువాడు తింటాడా. కండక్టరు తింటాడా. ఆ హాల్లో కూర్చున్నవాళ్లు మహా అయితే ఇంకాసేపు ఆగేవాళ్లు, కాళ్లు కదిపేవాళ్లు, దగ్గేవాళ్లు, అయ్యో పాపం అనుకునేవాళ్లు, ఆ తర్వాత పద్యం వచ్చేది. రాకపోయేదేమో. వచ్చేదేమో. ఎవరు చూడబోయారు, చూడనిస్తే కదా. పిట్ట చూడు, కుక్క దూరం పోగానే నాటకం కట్టేసి వచ్చి మామూలుగా ఈకలు దులుపుకుంటోంది, ఎప్పుడు ఆపాలో దానికెలా తెలుస్తుంది, చెమట పట్టేసింది మెడ వెనక, ఈ క్యాబిన్‌లో ఫ్యాను ఒక్కనాడూ పనిచేసి చావదు.

‘‘ముప్పై ఆరు’’ అంది మైకు.

అని ఆగింది.

ముందు గురగుర. తర్వాత అది కూడా సన్నగిల్లి, గాజుమీద ఈగ తిరుగుతున్నట్టు ఒక సన్న మోత. ముప్పై ఆరు అంటే తను, లేదా మీసాలాయన. బాబాయి ఆయన వంక చూశాడు, ఆయన తన వంక చూశాడు. తనే అయి ఉంటుంది. ముందొచ్చింది తనే కదా. కాటా గదిలో మేనేజరు బూటు నేలకేసి కొడుతూ ఉంటాడు ఇప్పుడు, ముసలాయన తల వంచుకుని ఉంటాడు, పిల్ల మెడలో నరం, అబ్బా, ఒక్క పని, రెండు హారన్లు కొట్టి బండి కదిలిస్తే అయిపోతుంది, మిగతా సగం చెప్పనక్కర్లేకుండానే పిలిచినట్టైపోతుంది, పడటం కాదు ఇది, ఈల కాదు, గాలి తీయడం కాదు, హారన్ రెండంటే రెండే కదా, మాట తప్పినట్టు కూడా కాదు.

‘‘ఒరేయ్ పంక్చర్, నీదేరా’’ అని వెనక బండివాడు కిటికీలోంచి కేకేశాడు, ‘‘నలభై, ముప్పై ఆరు నలభై, పోరా బాబూ, పాపం ఆ పిల్లనెందుకు ఏడిపిస్తావ్.’’

‘‘పోన్నా, పో’’ అని ఇంకెవరో.

అందరూ మంచివాళ్లే. ఈ లోకంలో పిల్లకి మాట అందించనివాడు లేడు. బాబాయి తాళం తిప్పాడు, ఇంజను గర్రుమని లేచింది, క్యాబిన్ అంతా ఒణికింది, చేయి హారన్ మీదికి పోతోంది, అప్పుడు పిట్ట అరిచింది. ఇందాక కుక్కకి అరిచిన అరుపు కాదు, గొంతు చించుకుని, రెండు రెక్కలూ బార్లా చాపి తన ముందు టైరుకి ఎదురొచ్చి నిలబడింది, లారీకి అడ్డంగా పిడికెడు పిట్ట, పక్కన రెండోది నేలకి ఆనుతూ లేస్తూ అరుస్తోంది. నీ పిల్లలు నా దారిలో లేవు కదే, పక్కన ఉన్నాయి, అనుకుంటూ వాటికోసం చూశాడు. ఇందాక కుక్క పోగానే లేచి తిరుగుతున్నవి మళ్లీ అతుక్కుపోయాయి. ఎక్కడున్నాయో ముందే తెలుసు కాబట్టి ఒకటి కనబడింది, పురుగు కోసం మెడ చాపింది చాపినట్టే రాతిమీద గడ్డం ఆనించి, కళ్లు తెరుచుకుని, రాయైపోయి ఉంది. అమ్మ అరిచినంతసేపూ లేవదు. తన ఇంజను మోగినంతసేపూ అమ్మ ఆపదు. ఆకలేస్తున్నా లేవదు, పురుగు ముక్కు ముందు నుంచి నడిచిపోతున్నా లేవదు, నిన్న పుట్టిన పిల్ల, కాళ్లున్నాయి, కళ్లున్నాయి, అన్నీ వచ్చు దానికి. ఐసు తింటూ మాట్లాడకుండా నడిచిన పిల్ల. గోడకి నమస్కారం పెట్టిన పిల్ల. హారన్ మీది చేయి బరువెక్కిపోయింది, తనది కానట్టు, ఎవరో మరిచిపోయి అక్కడ పెట్టి వెళ్లినట్టు.

తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను దగ్గి చచ్చింది.

‘‘ఏమైందిరా నీకు’’ అన్నాడు వెనకవాడు. జవాబు చెబితే నోరు ఇంకేదో కూడా చేస్తుందని భయం. పెదాలు బిగించుకుని కూర్చున్నాడు, లోపల పిల్ల ఎలా కూర్చుని ఉంటుందో సరిగ్గా అలాగే, అప్పుడు తెలిసింది పెదాలు బిగిస్తే చెవుల్లో ఎంత హోరుగా ఉంటుందో, ఆ హోరులో మాట కోసం వెతుక్కోవడం, అందరూ చూస్తుంటే, ఎదురుగా ఒకడు కుర్చీలోంచి పడుతుంటే. మైకు సన్నగా మోగుతోంది. పిట్ట ఇంకో రెండు కూతలు కూసి, రెక్కలు ముడిచి, తలొకపక్కకి పెట్టి టైరుని చూసింది. ఆగు, అనుకున్నాడు, ఎవరితో అనుకున్నాడో తెలియదు, రానీ, రానీ. ఎండ అద్దం మీద నుంచి జారి ఒళ్లో పడింది. కంకరలో ఒక రాయి కదిలింది. లేచి నిలబడింది, పొడుగు కాళ్ల మీద ఊగి, ఒక్కడుగు వేసి, ముందు ఆపిన చోటే మళ్లీ మొదలెట్టినట్టు నేలమీద ముక్కుతో పొడిచింది. తర్వాత ఇంకో రాయి.

‘‘పదకొండు’’ అంది మైకు.

మీసాలాయన రెండు హారన్లు కొట్టి కదిలాడు. తనది కాదు. తను కదిలి ఉంటే ఈపాటికి ఇద్దరూ పలక అంచున మూతులు రాసుకుని, మేనేజరు బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, అబ్బో. పైగా న దగ్గర దానికి ఏనాడూ మాట ఆగలేదు, నలభై అయితే ఎప్పుడో వచ్చేసేది, ఆగిందంటేనే నలభై కాదని పుట్టినప్పట్నుంచీ వింటున్న తనకి తెలియొద్దూ, ఏం వింటున్నాడో ఇన్నాళ్లూ.

‘‘ఏంట్రా, వేశావ్ ఆపావ్, నీదనుకున్నావా’’ అన్నాడు మీసాలాయన పక్కనుంచి పోతూ.

‘‘బ్యాటరీ చూశాను.’’

‘‘ముప్పై ఆరు, నలభై’’ అంది మైకు కాసేపటికి, మీసాలాయన ఇంకా పలక దిగకముందే, తొందరపడుతోందేమో, లేదు, దిగేసరికి తను అక్కడికి చేరాలి కదా, సరిగ్గానే పిలిచింది. రెండు హారన్లు కొట్టాడు, రెండే, ఇంజను వేసి కాలు నొక్కబోతూ ముందుకి చూస్తే దారి మధ్యలో తీతువు. ఒకటి ముందు నడుస్తోంది, వెనక వరసలో, వరసంటే వరసేం కాదు, పిల్లలు. ఆ మూడు మూలల నేల వదిలేసి అవతల పైపు కారి బురదైన చోటికి ప్రయాణం కట్టాయి కుటుంబమంతా, పట్టపగలు, కాటా దారికి అడ్డంగా. బ్రేకు తొక్కి ఇంజను ఆపాడు. వెనకవాడు హారన్ కొట్టాడు. వాడి వెనకవాడికి ఎందుకో కూడా తెలియకుండానే వాడూ కొట్టాడు. పిట్ట ఎగిరి అరిచింది, పిల్లలు ఎక్కడివక్కడ దారి నడిమధ్య అతుక్కుపోయాయి, ఇక ఎవడు చూసినా కంకరే. పక్క వరసలోంచి ఎవడో, వీడికి పని లేకపోతే మేం పోతాం తప్పుకో, అని స్టీరింగు తిప్పి ముందుకి ఎగదోశాడు. కాటా గది కిటికీలో మేనేజరు ఆకారం కనబడింది. ఇప్పుడిక తప్పదు, బాబాయి చేయి డోరు తీసే పిడి మీదుంది, సగం తిప్పాడు కూడా, దూకి దారి మధ్యలో వెల్లకిలా పడితే చాలు, అందరూ ఆగుతారు, అందరూ తన్నే చూస్తారు.

‘‘క’’ అంది మైకు.

ఆగింది. ఎవరి నంబరో అనుకున్నారు ముందు, వెనకవాడు నోరు తెరిచి అందించబోయి, క తో మొదలయ్యే నంబరు ఏదీ తట్టక మూసేశాడు. మైకు మోగుతోంది. పక్క వరసలో ఎగదోసినవాడు ఆగి, సరిగ్గా వినబడటం లేదని ఇంజను తీసేశాడు. వాడు తీశాడని వెనకవాడు తీశాడు. హారన్లు ఆగాయి. ఒక్కొక్క బండే చల్లబడుతూ వరస చివరిదాకా చల్లబడింది, దూరంగా మిషను ఒక్కటే మోగుతోంది. ఈసారి ఎవరికీ అందించే దారి లేదు, ఏం చెప్పబోతోందో ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు, డ్రైవర్లందరూ తలలు బయటపెట్టి రేకుల గది మీదున్న ఆ మైకు గొట్టం వంక నోరు తెరుచుకుని చూస్తున్నారు.

‘‘కదలొద్దు. ఎవరూ కదలొద్దు. ప...’’

ఎంతసేపైనా తీసుకో తల్లీ.

‘‘పిల్లలు దాటుతున్నాయి. హారన్లు కొట్టకండి, వాటికి భ... భయం.’’

వెనకనుంచి మేనేజరు గొంతు, మైకుకి దూరంగా, ఎంతసేపని అడుగుతున్నట్టుంది. ‘‘దాటేదాకా’’ అంది పిల్ల, ఆయనకి చెప్పింది యార్డంతా వినబడింది. ఆ తర్వాత గదిలో కుర్చీ లాగిన చప్పుడు, దాంట్లో బరువైన మనిషి కూర్చున్న చప్పుడు. కాసేపటికి తలుపు తెరుచుకుని ముసలి గుమాస్తా మెట్లు దిగొచ్చాడు, ఏళ్ల తరబడి కూర్చుని అట్టలా చేసిన తన కుర్చీ దిండుని చంకలో పెట్టుకుని, కళ్లజోడు డబ్బా జేబులో వేసుకుని, మళ్లీ లోపలికి పోయే మనిషిలా కాకుండా తీరిగ్గా నీడలో నిలబడి దారివైపు చూశాడు.

పిట్ట అరవడం ఆపింది. దారి మధ్యలో కంకర లేచి నడవడం మొదలుపెట్టింది, ఒక పిల్ల, దాని వెనక ఒకటి, మూడోది ఎటుపోవాలో తెలియక వెనక్కి వచ్చి మళ్లీ తిరిగి పోయింది. నాలుగోది సరిగ్గా బాబాయి టైరు ముందు ఆగిపోయి నేలమీద ఏదో దొరికితే పొడుచుకుంటోంది, దానికి ఏ తొందరా లేదు. మీసాలాయన పలక మీది బండిలోంచి సగం బయటికి వంగి చూస్తున్నాడు, వెనకవాడు దిగొచ్చి బంపరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. అందరి కళ్లూ ఆ పిల్ల మీదే, అందరి చెవులూ మైకు మీదే. క్యాబిన్‌లో ఒక మనిషి ఉన్నాడనే ఎవరికీ గుర్తులేదు. బాబాయి డోరు పిడి మీది చేయి తీసేశాడు, స్టీరింగు మీద పెట్టాడు, అక్కడా పని లేదు, మెడ వెనక పెట్టాడు, చివరికి రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.